అన్నదమ్ముల తగువు తేలేదాకా

అయినా వేడి చూపే బిళ్లను నమ్మాలా, రక్తపరీక్ష కాగితాన్ని నమ్మాలా అని మా ఆయనా మరిదీ, అన్నదమ్ములిద్దరూ తేల్చుకునేదాకా నా రొమ్ములోని గడ్డ ఆగుతుందా? రైలు పెనుకొండ దాటింది. ఇక దిగి వెనక్కి పోయే ఆలోచన రాదు. అది నాకు భయంగా కాక హాయిగా ఉంది.

పొద్దున ధర్మవరంలో అచ్చు అతుకుతున్నాను. మగ్గానికి కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి కలుపుతాం. వేల పోగులు. చేయి మారితే బిగువు మారుతుందని, మొదలుపెట్టిన మనిషే ముగించాలని మా ఇంట్లో పట్టింపు. నేను సగంలో లేచాను.

"యాడికి పోతాండావు సుచిత్రా?" అన్నాడు మా ఆయన ధనుంజయ.

"హిందూపురం. డాక్టరుకు చూపిచ్చుకుంటా."

"రక్తం చూపిచ్చినాం కదా. నార్మలని ఉండాది."

మరిది కిషోర్ కార్ల ఫ్యాక్టరీలో పనికి ఎర్రమంచి పోయి వస్తుంటాడు. ఆ ఊళ్లో ఎవరో పెట్టిన వైద్య శిబిరం నుంచి, రవిక లోపల పెట్టుకుంటే ఒంటి వేడిని కనిపెట్టి, రొమ్ములో తేడా ఉంటే ఫోన్లో ఎర్రగా చూపే బిళ్లను తెచ్చింది అతనే.

"ఫోన్లో రెండుమాట్లు ఎర్రగా చూపిచ్చిందన్నా," అన్నాడు.

"మగ్గం కాడ కూర్చున్న మనిషికి ఉడుకు పుట్టక చలి పుడతాదా? నీ కార్లకు తగిలించుకోపో దాన్ని."

"రక్తంలోనే అన్నీ తెలిస్తే ఇంక డాక్టర్లు ఎందుకుండారు?"

ఇద్దరూ నా గురించే వాదించుకున్నారు, నా వైపు చూడకుండా. గడ్డ ఎడమ చంకకు దగ్గర, శనగగింజంత. నొప్పి లేదు. పోగులో ముడి ఉంటే కళ్లు మూసుకున్నా నా వేళ్లకు తెలుస్తుంది. ఆ వేళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. నేను మాత్రం అడిగానా? ఆరు వారాలు స్నానంలో ఆ చోటు తప్పించి సబ్బు రాసుకున్నాను. భయం నాలో ఎంత మర్యాదగా కూర్చుందంటే, దాన్ని ఓర్పు అనుకున్నాను.

హిందూపురంలో డాక్టరు కల్పన కాగితం చూసింది. ఫోన్లో బిళ్ల చూపిన అంకెలూ చూసింది.

"వేడికి సవాలక్ష కారణాలుంటాయమ్మా. రక్తం బాగుంది. ఆరు నెలలకు రండి."

"రక్తం బాగుంటే గడ్డ లేనట్టేనా మేడమ్?"

"గడ్డా? ఇందులో ఎక్కడా రాయలేదే."

"యాడ రాస్తారు? చేత్తో ఎవురూ చూడకపాయె."

ఆమె గడియారం వైపు చూసింది. "ఈరోజు రద్దీగా ఉంది. ఇంకోరోజు మీ ఆయన్ను వెంటబెట్టుకుని రండి." గంట నొక్కింది. తర్వాతి టోకెను మనిషి అప్పుడే తలుపు తోస్తోంది.

నేను కుర్చీలోంచి లేచి, పరదా నేనే లాగి, పరీక్ష బల్ల ఎక్కి పడుకున్నాను.