తలుపు దగ్గర చూసిన సినిమాలు

సబ్బునీళ్ళ తొట్టిలోంచి ఒక్కో కళ్ళజోడూ పైకి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, ఇంకా ఏ పిల్లవాడి వేలిముద్రో మిగిలి ఉంటే నోటితో ఆవిరి ఊది మళ్ళీ తుడిచి, అద్దాలక్క వాటిని గంపలో పేరుస్తోంది. త్రీడీ బొమ్మల సినిమాలకు వచ్చేవాళ్ళకి నల్ల కళ్ళజోళ్ళు ఇవ్వడం, ఆట ముగిసే వేళకి తలుపు దగ్గర నిలబడి వెనక్కి తీసుకోవడం, కడగడం ఆమె ఉద్యోగం. సినిమాహాల్లో అందరికీ ఆమె అద్దాలక్కే. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి తెలిస్తే తెలియాలి.

ఆ ఇరుకు గదిలోనే, తొట్టికి ఎడంగా వేసిన స్టూలు మీద ఆమె అత్త కూర్చుని ఫోన్లో రంగురంగుల గోళీలు పేలుస్తోంది. ఒకే రంగువి మూడు పక్కపక్కకి జరిపితే టప్పున పేలిపోతాయి, పైనుంచి కొత్తవి రాలతాయి. ఆటంతా అంతే. అత్త వయసులో ఉన్నప్పుడు బొత్తాల కార్ఖానాలో రంగులవారీగా బొత్తాలు ఏరేది.

"అప్పుడు కూలిచ్చి ఏరించారు, ఇప్పుడు ఊరికే ఏరుతున్నా. చూడు నా వైభోగం" అంది అత్త, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

"అయితే మానెయ్యొచ్చుగా అత్తయ్యా."

"ఇందులో ఓడిపోతే ఎవరూ తిట్టరే. పోన్లే, మళ్ళీ ఆడు అంటుంది. ఇంత మర్యాద నాకెవరు చేశారు?"

అద్దాలక్కకి నవ్వు రాలేదు. ఆ రెండు మాటలకే అత్త మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. గుండె అలిసిపోయింది, ఆపరేషన్ చెయ్యడానికి కూడా లేదు, బాగా చూసుకోండి అన్నాడు డాక్టరు. పగలు కనిపెట్టుకుని ఉండే పక్కింటావిడ కూతురి పురుడని వెళ్ళిపోయింది. సెలవడిగితే, తలుపు దగ్గర ఇంకెవరున్నారు, కావలిస్తే ఆవిడనే ఇక్కడికి తీసుకురా అన్నాడు మేనేజరు. ఆయన విసుగ్గా అన్న మాటని ఈమె వరంలా పట్టుకుంది.

ఆమెకున్న భయం ఒక్కటే. భర్త ఆసుపత్రిలో పోయిన రోజు తను ఇదే తలుపు దగ్గర గంప పట్టుకుని నిలబడి ఉంది. కబురందుకుని పరుగెత్తేసరికి ఆయన మొహం మీద దుప్పటి కప్పేశారు. ఆయన తల్లినైనా ఒంటరిగా పోనివ్వకూడదు. ఆఖరి ఘడియలో చెయ్యి తన చేతిలో ఉండాలి. అత్తాకోడళ్ళిద్దరూ ఈ మాట ఎన్నడూ పైకి అనుకోలేదు గానీ, ఇంట్లో అత్త దగ్గు ఆగిపోతే చాలు, ఈమె చేతిలో పని వదిలేసి వెళ్ళి చూసేది.

ఇన్నేళ్ళలో అద్దాలక్క చూడని బొమ్మల సినిమా లేదు, పూర్తిగా చూసిన సినిమా ఒక్కటీ లేదు. కళ్ళజోళ్ళు తీసుకోవడానికి లోపలికి వెళ్ళేసరికి ఎప్పుడూ ఆఖరి ఘట్టమే నడుస్తుంటుంది. తప్పిపోయిందేదో దొరుకుతుంది, అలిగి వెళ్ళిందేదో తిరిగొస్తుంది, అందరూ ఒకరినొకరు వాటేసుకుని గంతులేస్తారు. చెడ్డవాడు కూడా సిగ్గుపడి నవ్వేస్తాడు. ఇవన్నీ పిల్లల్ని మభ్యపెట్టే సినిమాలని ఆమె ఏనాడో తేల్చేసింది. ఆ మాట ఇంట్లో అంటే అత్త ఊరుకునేది కాదు.

"భోంచెయ్యకుండా చెయ్యి కడుక్కొచ్చి కూర బాలేదంటే ఎలాగే?" అనేది.

పొద్దుటాటకి జనం పల్చగా ఉన్నారు. అద్దాలక్క కళ్ళజోళ్ళు పంచేసి, అత్తని నెమ్మదిగా నడిపించుకొచ్చి, ఖాళీగా ఉన్న వెనక వరసలో కూర్చోబెట్టింది. టికెట్లు చించే బాబాయి దగ్గరికొచ్చాడు.

"ఈ పూట తలుపు నేను చూసుకుంటాలేమ్మా. నువ్వు ఆవిడ పక్కనే కూర్చో" అన్నాడు.

దీపాలు ఆరాయి. తెర మీద ఒక ముళ్ళపంది పిల్ల తుమ్మింది. దాని ముళ్ళు జివ్వున మీదికొచ్చేసరికి అత్త తల పక్కకి తిప్పుకుని, తన భయానికి తనే నవ్వుకుంది. నడిచొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. అద్దాలక్క ఆవిడ మణికట్టు పట్టుకుంది. నాడి చూడటం ఆమెకి రాదు, ఊరికే పట్టుకుంది. ఇంతలో తెర మీద వాన ముంచుకొచ్చింది, ఏరు పొంగింది. తల్లి ముళ్ళపంది పిల్లని ఒక దుంగ మీదికి నెట్టి, తను నీళ్ళలో కొట్టుకుపోయింది.

"అదేంటి, మొదట్లోనే చంపేశారా?" అంది అద్దాలక్క.

"మరి చివర్లో వాటేసుకునేది ఊరికే అనుకున్నావా?" అంది అత్త.

అద్దాలక్కకి ఇన్నాళ్ళూ తను విసుక్కున్న ఆ గంతులన్నిటి వెనకా ఏ తల్లులు కొట్టుకుపోయారో అనిపించి మనసు చివుక్కుమంది. పిల్ల ముళ్ళపంది ఊళ్ళు తిరిగింది, దెబ్బలు తింది, ఒక ముసలి తాబేలు పంచన చేరింది. ఫోను తీస్తుందేమోనని చూస్తే అత్త దాని జోలికే పోలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా చూస్తోంది.

అప్పుడు సంగీతం జోరందుకుంది. ఆ జోరు అద్దాలక్కకి బాగా తెలుసు. అది వినబడితే గంప ఎత్తుకుని తలుపు దగ్గరికి నడవాలి. తలుపు చూసుకుంటానని బాబాయి అన్న మాట ఆమెకి గుర్తుంది గానీ, కాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డాయి.

"ఎక్కడికే? చివర చూడవూ?" అంది అత్త.

"చివరలు నాకు కొత్తా అత్తయ్యా? ఇట్టే వచ్చేస్తా."

"సరే, వెళ్ళిరా. నీ చోటు ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తాలే" అంది, ఖాళీ వరసంతా ఒకసారి కలయజూసి.

పిల్లలు ఎప్పటిలాగే కళ్ళజోళ్ళు ఇవ్వనని మారాం చేశారు. ఒక తల్లి కొడుకు మొహం మీంచి బలవంతంగా లాగి గంపలో పడేసింది. బాబాయి, నేనున్నాగా, నువ్వెందుకొచ్చావమ్మా అని కసిరాడు. ఆఖరి మనిషి కూడా బయటికి వెళ్ళాక దీపాలన్నీ వెలిగాయి. అద్దాలక్క గంప పట్టుకునే వెనక వరసలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, అయిపోయింది. లేద్దామా?"

అత్త తల భుజం మీదికి వాలి ఉంది. కళ్ళజోడు పెట్టుకునే ఉంది. అద్దాలక్క దాన్ని మెల్లగా తీసి, ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. ఊపిరి లేదు. ఇంట్లో వదిలేస్తే ఒంటరిగా పోతుందని వెంట తెచ్చుకుంది. తెచ్చుకుని, ఆ చెయ్యి వదిలేసి, ఎవరి పిల్లల దగ్గరో కళ్ళజోళ్ళు పుచ్చుకుంటూ నిలబడింది. తలుపు దగ్గరికి రమ్మని ఎవరూ పిలవలేదు. తనే లేచి వెళ్ళింది. ఇక ఈ జన్మకి తనని తను క్షమించుకోలేదు.

పక్కనున్న తన కుర్చీలో కూలబడబోయి ఆగింది. బస్సులో సీటు పట్టినట్టుగా, అందులో అత్త చేతిరుమాలు మడత విప్పి, ముడతలు లేకుండా పరిచి ఉంది.