ముందు పాట, తర్వాత మాట

ఒంటిగంటకి బసవపున్నయ్య కొత్త గని గట్టు మీద నిలబడి మూడుసార్లు కూత పెడతాడు, "పేల్తన్నాం హోయ్!" అని. తూటాలు పెట్టేది ఆయనే, వత్తి ముట్టించేది ఆయనే. కూత వినపడంగానే జట్టంతా సద్ది గిన్నెలు పట్టుకుని తుమ్మచెట్ల కిందకి పోతారు. ఢామ్మని పేలుతుంది. దుమ్ము అణిగిందాకా ఎవరూ గిన్నె మీద మూత తియ్యరు. దుర్గి దాటినాక ఆ నాపరాళ్ళ గనుల్లో రోజూ ఇదే తంతు.

పక్కనే పాత గని ఉంది. రాయి అయిపోయిందని ఎప్పుడో వదిలేశారు. ఆ గుంటలో ఇవ్వాళ పడిన శబ్దం రేపు అదే టయానికి తిరిగొస్తుంది. ఎల్లుండి మళ్ళీ వస్తుంది గానీ మెత్తబడి వస్తుంది. మూడోనాడు చెవి ఒగ్గి వినాలి, ఆ తర్వాత ఉండదు. దీన్ని వింత అనుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. పని తక్కువై మేస్త్రి వెంకటేశ్వర్లు కూలీల్ని రెండు జట్లు చేసి రోజు విడిచి రోజు రమ్మన్నాక, అది అందరికీ పనికొచ్చింది కూడా. నాగులమ్మ పాత గని గట్టు మీద నిలబడి, "ఏమే దేవమ్మా, నా గంప నాకు తెచ్చియ్యవే!" అని అరిచి పోయేది. మర్నాటి జట్టులో దేవమ్మ ఆ మాట శుభ్రంగా వినేది. గంప మాత్రం తెచ్చేది కాదు.

బసవపున్నయ్య కూత కూడా అంతే. దూరంగా కొత్త గని నుంచి వినిపిస్తే ఇవ్వాళ్టిది, దగ్గరగా పాత గుంటలోంచి వినిపిస్తే నిన్నటిది. ఆ దగ్గరి కూతకి ఎవరూ తల కూడా ఎత్తేవాళ్ళు కాదు. "నిన్నటిదిలే" అని తమ పని తాము చూసుకునేవాళ్ళు.

మంగళ, గురు, శనివారాల జట్టులో మౌలాలీ అనే కుర్రాడు ఉండేవాడు. దూదేకులోళ్ళ పిల్లాడు, ఇరవై రెండేళ్ళు. పీర్ల పండక్కి డప్పు కొట్టాడంటే ముసలాళ్ళ కాళ్ళు కూడా ఊరుకునేవి కావు. వాళ్ళ నాన్న ఈ రాతి దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయాడు. మౌలాలీకి ఆ ఏడే, ఎనభై ఆరులో, దగ్గు మొదలైంది. మిగతావాళ్ళు అన్నాలకి లేచే టయానికి పాత గనిలోకి దిగి, చూరులాగా ముందుకొచ్చిన బండ కింద నీడన కూర్చుని, ఖాళీ నూనె డ్రమ్ముని ఇనప చువ్వలతో వాయించేవాడు.

సోమ, బుధ, శుక్రవారాల్లో రాయెత్తడానికి లారీ వచ్చేది. దాని క్లీనరు నెహెమ్యా. గురజాల చర్చిలో మూలపడిన గిటారొకటి పాస్టరుగారిని అడిగి తెచ్చుకున్నాడు, తెగిన తీగ స్థానంలో క్లచ్ వైరు పోగు బిగించాడు. మద్రాసు ట్రిప్పులో ఒక హోటల్లో ఏదో పాట విని గుండె అదిరిపోయి, "ఇదేంది?" అనడిగితే, "రాక్" అన్నారంట. "రాక్ అంటే రాయేగా! మాకు తెలియని రాయా!" అనుకుని వచ్చాడు.

ఒక బుధవారం లోడింగు అవుతుండగా పాత గనిలోంచి నిన్నటి డ్రమ్ము వినపడింది. నెహెమ్యా గిటారు తీసుకుని దిగాడు. గురువారం మౌలాలీ దిగేసరికి తన దెబ్బల పక్కన ఎవరిదో గిటారు! "ఎవురయ్యా నువ్వూ?" అని గట్టిగా అరిచాడు. శుక్రవారం జవాబు వెళ్ళింది. బ్యాండు అట్లా పుట్టింది. పేరు నాపరాయి.

ఏడాదిన్నరలో వాళ్ళిద్దరూ కలిసింది ఒక్కసారే, నరసరావుపేటలో, అబ్దుల్ హమీద్ క్యాసెట్ల షాపులో. ఆయనే పాత టేప్ రికార్డరు ఒకటి చేతిలో పెట్టాడు. "ఎనిమిది పాటలు తెండి. క్యాసెట్ వేస్తా. పిల్లోడు బాగా వాయిస్తే పెళ్ళిళ్ళ బ్యాండులో పెట్టిస్తా, ఆ గనిలో చావక్కర్లా" అన్నాడు. మౌలాలీ ఆ మాట వాళ్ళమ్మ నాంచారమ్మకి వందసార్లు చెప్పి ఉంటాడు.

పద్ధతి సులువు. మౌలాలీ ముందురోజు కొట్టిపోతాడు. మర్నాడు నెహెమ్యా దిగి, గుంటలోంచి వచ్చే డ్రమ్ముకి తన గిటారూ గొంతూ కలిపి టేపులోకి ఎక్కిస్తాడు. ప్రతి పాటలోనూ ఎక్కడో బసవపున్నయ్య కూత పడేది. మొదట తిట్టుకున్నారు, తర్వాత అదే బాగుందని ఉంచేశారు. మొదటి పాట మాత్రం పాడైంది, నెహెమ్యా మధ్యలో "ఒరేయ్, నెమ్మది!" అని అరిచినందుకు. అప్పుడు మౌలాలీయే కట్టడి పెట్టాడు, "అన్నా, ముందు పాట, తర్వాత మాట. పాటలో మాట్టాడితే టేపు దండగ" అని. అప్పట్నుంచి ఏ కబురైనా పాట చివర్నే.

ఏడు పాటలైనాయి. ఆఖరిదానికి మౌలాలీ కబురు పెట్టాడు. "ఈసారి నువ్వు ముందు వాయించన్నా. నీ ఎనకాల నే వస్తా. ఇది కాంగానే గనికి దండం పెట్టి పోతా." మధ్యలో దగ్గు ఆపుకుని మరీ చెప్పాడు.

బుధవారం లారీ నిండుతుండగా మేస్త్రి అన్నాడు, "పాత గుంటలో అడుగున ఇంకో పొర ఉందంటయ్యా. రేపు ఒంటిగంటకి అక్కడే పేలుస్తన్నాం."

నెహెమ్యా లారీ మీంచి దూకాడు. "మౌలాలీ అందులోకి దిగుతాడు సార్!"

"పొద్దున్నే జట్టుకి చెప్తాగా, పోవయ్యా."

అయినా నెహెమ్యాకి మనసొప్పలేదు, తనూ చెప్పాలనుకున్నాడు. ఒంటిగంట కావొస్తుంది, గుంటలోకి దిగాడు. గిటారు పట్టుకున్నాక చేతికి అలవాటే తోచింది. 'రాయి మీద రాయి, రాయి కింద నేను, ఎత్తేవాడెవడు' అని నాలుగు నిమిషాల పాట, ఒక్క తప్పు లేకుండా వాయించాడు. అంత బాగా ఎప్పుడూ రాలేదు. అంతా అయినాక గొంతెత్తి అరిచాడు. "ఒరేయ్ మౌలాలీ, దిగమాకు! ఇక్కడ పేలుస్తారంట, దిగమాకురోయ్!"

గురువారం మేస్త్రి మాచర్ల పోయాడు. జట్టుకి చెప్పినవాళ్ళు లేరు.

శుక్రవారం లారీ ఆగేసరికి బసవపున్నయ్య ఎదురొచ్చి నెహెమ్యా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "ఆ గుంట గట్టు మీదే నిలబడి మూడు కూతలూ పెట్టానయ్యా. తూటాలు అటు చివర పెట్టా, చూరు బండ కింద నుంచి అవీ కనపడవు, పైనుంచి వాడూ కనపళ్ళా. లోపల డ్రమ్ము వినపడతానే ఉంది. నిన్నటిదిలే అనుకున్నా. వాడూ నా కూత అట్టాగే అనుకుని ఉంటాడు. దుమ్ములోంచి నీ కేక వినపడ్డాకే నాకు తట్టింది, లోపల మనిషున్నాడని."

గుంట గట్టున నాంచారమ్మ కూర్చుని ఉంది. నెహెమ్యా భుజాన టేప్ రికార్డరు చూసి గుర్తుపట్టింది.

"గిటారబ్బాయివి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఒంటిగంటకి వాడిది వస్తదంటగా. ఆ డబ్బా నొక్కు నాయనా. రేపటికి మెత్తబడుద్ది. సోమవారానికి ఇంక ఉండదు."

నెహెమ్యా మీట నొక్కాడు. ముందు గిటారు వచ్చింది, మెత్తగా, ఆ వెనకాలే డ్రమ్ము. ఎనిమిది పాటల్లోకీ మౌలాలీ అంత బాగా కొట్టింది ఇదే. నాంచారమ్మ వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి. "పేల్తన్నాం హోయ్!" అని మూడుసార్లు కూత వచ్చింది. డ్రమ్ము ఆగలేదు. తర్వాత పేలుడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

తర్వాత వచ్చేదేందో నెహెమ్యాకి తెలుసు. ఆపేద్దామని మీట మీద వేలు పెట్టాడు.

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండు నాయనా. వాడింకేమన్నా అన్నాడేమో."

రాళ్ళు జారుతున్న చప్పుడులో సన్నగా గిటారు సాగి సాగి అయిపోయింది. ఆ తర్వాత గొంతు వచ్చింది. "ఒరేయ్ మౌలాలీ, దిగమాకు! ఇక్కడ పేలుస్తారంట, దిగమాకురోయ్!"

నాంచారమ్మ అతని చెయ్యి వదిలేసింది.

"ఎప్పుడన్నావు ఈ మాట?"

"బుధవారమమ్మా."

"పాటకి ముందా, తర్వాతా?"

నెహెమ్యా మీట ఆపాడు. "తర్వాతమ్మా."

"ముందు చెప్పాల్సింది గదయ్యా" అందామె. తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఆ ఒక్క మాట అని లేచి ఇంటికి పోయింది.

శనివారం ఒంటిగంట దాటినాక మౌలాలీ జట్టు తుమ్మచెట్ల కింద అన్నాలకి కూర్చుంది. గుంటలోంచి, పక్కన నిలబడి అన్నంత స్పష్టంగా ఆడమనిషి గొంతు వచ్చింది.

"ముందు చెప్పాల్సింది గదయ్యా."

అందరూ తలెత్తారు. నిన్నటిదిలే అని ఎవరూ అనలేదు.