మందు కాదు, సరుకు

పాతపట్నంలో మా మామగారు కాశీవిశ్వనాథం గారి కిరాణా కొట్లో అమ్ముడుపోనిది ఏదైనా సరే, తేదీ దాటేలోపు ఇంటికి వచ్చేస్తుంది. పురుగు పట్టబోయే రవ్వ, మెత్తబడ్డ బిస్కెట్లు, ఎవరూ కొనని షాంపూ అన్నీ మా మీదే చెల్లిపోవాలి. ఈ ఇంటి కోడలినయ్యాక కరకరలాడే బిస్కెట్ రుచి మరిచిపోయాను. ఎవరో ఏజెంటు అంటగట్టిన కీళ్ళనొప్పుల గోళీల డబ్బాలూ అలాగే వచ్చాయి.

మా అత్తగారు కన్యకాపరమేశ్వరి గారికి మోకాళ్ళ నొప్పులు పాతవే. కొలెస్ట్రాల్‌కి రాత్రిపూట బిళ్ళ వేసుకుంటారు. పొద్దున్న ఈ గోళీ మొదలెట్టారు. కొన్నాళ్ళకి తొడలు పట్టేశాయి. అవీ కీళ్ళనొప్పులే అనుకుని రెండేసి మింగారు. చివరికి పీట మీంచి లేవాలన్నా నేనే చంకల్లో చేతులేసి లేపాలి. లేపీ లేపీ నా నడుం పోయింది. విసుక్కునేదాన్ని. మంచాన పడితే చేయాల్సింది నేనే కదా అని భయం కూడా.

మూత్రం డికాషన్ రంగులో వస్తోందన్నాక శ్రీకాకుళం తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కొలెస్ట్రాల్ బిళ్ళ చూసి, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని రెండుసార్లు అడిగారు.

"ఏటీ నేదమ్మా" అన్నారు అత్తయ్య. నేనూ తలూపాను. మా ఇంట్లో మందంటే మందుల షాపులో కొన్నది. కొట్లోంచి వచ్చింది సరుకు.

"పోనీ, పొద్దున్నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారో చెప్పండి."

"కాఫీ తాగినాను. ఇడ్లీ తిన్నాను. రెండు గోళీలు, కొట్లోవి."

నేను ఫోన్ చేస్తే మామగారు వాట్సాప్‌లో డబ్బా ఫొటో పంపారు. అందులో కలిపిన రెడ్ ఈస్ట్ రైస్ అనే పులియబెట్టిన ఎర్ర బియ్యప్పొడిలో కొలెస్ట్రాల్ బిళ్ళలాంటి మందే ఉంటుందనీ, రెండూ కలిసి కండరాలని తినేస్తున్నాయనీ, ఇంకొన్నాళ్ళు ఆగితే కిడ్నీలు పోయేవనీ డాక్టరమ్మ చెప్పారు. రెండూ మాన్పించి, సెలైన్లు పెట్టించి పంపారు.

ఇంటికొచ్చేసరికి, ఫోన్లో సంగతంతా విన్న మామగారు మిగిలిన డబ్బాలు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంటున్నారు.

"ఎక్కడికండీ?" అన్నారు అత్తయ్య.

"కొట్టుకి. కొలెస్ట్రాల్ నేనోళ్ళకి అమ్మీవచ్చు."

"ఎవులికి ఉన్నాదో, ఎవులికి నేదో మీకేటి తెలుసు?" అత్తయ్య నా భుజం పట్టుకుని నిలబడ్డారు. "మీరిచ్చినారని నేను సూడకుండా మింగినాను. మీ కాడ కొన్నోళ్ళూ అలాగే మింగుతారు."

ఇన్నేళ్ళలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం నేను వినలేదు. మామగారు సంచి కింద పెట్టి గుమ్మంలోనే కూర్చుండిపోయారు.