మధ్య చాంబర్

స్వరాజ్యం ఉప్మాకు ఎసరు పెట్టింది, ఇంకా రవ్వ పొయ్యలేదు. ఇంతలో సింకు కింది జాలీలోంచి నల్లటి నీళ్ళు బుడబుడమంటూ తన్నుకొచ్చాయి. ముందు సబ్బు నురగ, వెనక జుట్టు ఉండలు, ఆ వెనక చెప్పకూడనివి. చూస్తుండగానే వంటగదిలో పాదాలు మునిగాయి. ఆమె ఉల్లిగడ్డల బస్తా ఎత్తి బల్ల మీద పడేసి, గ్యాస్ కట్టేసి, కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని మెట్ల దగ్గరికి పోయి గొంతెత్తింది.

"ఓ పిల్లలూ! నల్లాలు బంద్ చెయ్యుండ్రి! కింద మోరీ పొంగింది!"

ఎవరు వింటారు? పొద్దున ఏడున్నర. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్. నాలుగంతస్తులు, అరవై ఎనిమిది మంచాలు, తొమ్మిది బాత్రూములు. ఒకమ్మాయికి ఎనిమిదింటికి కోచింగ్ క్లాసు, ఇంకొకమ్మాయికి తొమ్మిదింటికి ఇంటర్వ్యూ. పైన ఒక బకెట్ కుమ్మరిస్తే కింద స్వరాజ్యం కాళ్ళ దగ్గర నీటిమట్టం ఒక వేలు పెరుగుతోంది. మూడో అంతస్తు మంజూష ఒక్కతే తడి జుట్టుతో సగం మెట్లు దిగి వచ్చింది. చూసి, "అయ్యో ఆంటీ!" అని నోరు మూసుకుని, పైకి పరుగెత్తి గదిగదికీ తలుపులు బాదింది.

ఇదివరకు రెండు నెలలకోసారి పొంగేది. ఈసారి ఇరవై రోజులకే పొంగింది.

హాస్టల్ యజమాని విజయేందర్ మధురానగర్ నుంచి పావుగంటలో వచ్చాడు. వెంట ప్లంబర్ అజ్మత్ అలీని స్కూటర్ మీద ఎక్కించుకొచ్చాడు. అజ్మత్ ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. విజయేందర్ గుమ్మం దగ్గరే ఆగాడు, బూట్లు కొత్తవి.

ఈ ఇల్లు ఆయన తండ్రి కట్టినది. ఐదుగురు మనుషుల కోసం అప్పట్లో నాలుగించుల మట్టి పైపు వేశారు. తండ్రి పోయాక కొడుకు దాని మీద నాలుగంతస్తులు లేపాడు. మెట్లకు గ్రానైట్ వేయించాడు, గేటుకు బంగారు రంగు కొట్టించాడు. భూమిలో ఉన్న పైపు ఎవరి కంటికి కనబడుతుంది కనుక! అది మాత్రం ఆ నాటిదే.

"సాబ్, పోయినసారే చెప్పిన కదా," అన్నాడు అజ్మత్, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేక గోడకు రాసుకుంటూ. "పైప్ ఖతం. వంటగది కింద కూలింది. రెండు కొసలకెల్లి పొడిచే రాడ్ నడుమకు పోతలేదు. ఇగ మార్చుడే."

"ఎంతైతది?"

"అరవై అయిదు ఫీట్ల లైన్. మొత్తం తీసి ఆరించులది ఏయాలె. కొత్త చాంబర్లు మూడు. గచ్చు పగలగొట్టుడు, మల్ల టైల్స్ ఏసుడు. లేబర్ తోటి కలిపి రెండు లక్షల ముప్పై అయిదు వేలు. వారం దినాలు నీళ్ళు బంద్ చెయ్యాలె."

"వారమా? దిమాగ్ ఖరాబైందా భాయ్ నీకు? వారం బంద్ చేస్తే పిల్లలు పక్క హాస్టల్‌కు పోతరు. పోయినోళ్ళు మల్ల వస్తరా?"

మంచానికి నెలకు ఏడు వేలు. ఆ లెక్కన పైపు ఖరీదు పదిహేను రోజుల అద్దె. పదిహేను రోజుల అద్దె భూమిలో పాతిపెట్టమంటే మాత్రం ఆయన ప్రాణం ఒప్పలేదు. నీళ్ళ బోర్డు ఆఫీసుకు ఫోన్ చేస్తే మోరీ తీసే మిషన్ బండి వస్తుంది. కానీ బండితో పాటు ఒక మనిషి కూడా వస్తాడు, ఒక ఇంటి కనెక్షన్ మీద ఇన్ని మంచాలేమిటని అడుగుతాడు. అదీ కుదరదు.

"సారయ్య ఏడీ?" అన్నాడు విజయేందర్.

ఎప్పుడూ అంతే. లక్షల మాట రాగానే సారయ్య గుర్తుకొస్తాడు.

సారయ్య స్వరాజ్యం భర్త. యాభై రెండేళ్ళు. జనగామ దగ్గర రెండెకరాలు ఎండిపోతే వచ్చి ఇక్కడ కూలి పనుల్లో కుదురుకున్నాడు. హాస్టల్ కాగితాల మీద జీతం స్వరాజ్యం ఒక్కదానిదే, నెలకు పన్నెండు వేలు. గేటు, మోటారు, చెత్త, మోరీ సారయ్యవి. వాటికి బదులుగా మెట్ల కింది గది. మోరీలో దిగిన రోజున మాత్రం విడిగా రెండు వేలు, ఒక క్వార్టర్ సీసా, ఒక ఒళ్ళు రుద్దుకునే సబ్బు. క్వార్టర్ దిగేముందు, సబ్బు ఎక్కాక. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఊరంతటా ఇదే రేటు. మనిషిని మోరీలో దింపకూడదని చట్టం ఉంది. విజయేందర్ డిగ్రీ చదివినవాడు, ఆ చట్టం సంగతి ఆయనకు తెలుసు. అయినా ఆయన రాక్షసుడేం కాదు. దసరాకు స్వరాజ్యానికి చీర పెడతాడు, సారయ్యకు జ్వరమొస్తే మాత్రలు తెప్పిస్తాడు. దింపడం తప్పని మాత్రం ఆయనకు తోచలేదు, అంతే.

"స్వరాజ్యం, జర పోయి సబ్బు, ఇంకోటి తీసుకరా. ఎప్పటిలెక్కనే," అని ఐదు వందల నోటు చాపాడు.

స్వరాజ్యం నోటు వైపు చూసింది, తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఇరవై రోజుల క్రితం కూడా ఇలాగే పోయి తెచ్చింది. సారయ్య వీధి గేటు పక్కనున్న ఏడడుగుల మోరీ గుంటలో, అదే చాంబర్‌లో దిగాడు, మెడదాకా. రెండుసార్లు "పొడుస్తున్న, పొడుస్తున్న" అన్నాడు. మూడోసారి పిలిస్తే పలకలేదు. ఆమె నేల మీద బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాపితే జుట్టు దొరికింది. ఆ జుట్టు పట్టుకునే లాగింది, అజ్మత్ ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. బయట పడేసరికి సారయ్య కళ్ళు తెల్లగా తేలిపోయాయి. ముఖం మీద నీళ్ళు కొడితే గాని తెలివి రాలేదు. అప్పట్నుంచీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆ సాయంత్రమే విజయేందర్ "దేవుని దయ" అని రెండు వేలకు ఇంకో ఐదు వందలు కలిపి ఇచ్చాడు.

"పోవే, తీసుకరా," అన్నాడు పిలుపు విని వచ్చిన సారయ్య మెల్లగా. అప్పటికే చొక్కా విప్పి గోడ మీద వేశాడు.

స్వరాజ్యం పోయి, పొద్దున్నే దొడ్డిదారిన అమ్మేవాడి దగ్గర సీసా, కొట్టులో సబ్బు కొని సంచిలో తెచ్చింది. తేకుండా ఎట్లా ఉంటుంది? ఈ గది పోతే, యూసుఫ్‌గూడలో ఒక్క గదికి ఆరు వేలు, రెండు నెలల అడ్వాన్సు. దారంతా ఆమెకు ఒకటే బెంగ, కాళ్ళు ఒకచోట పడలేదు. రోడ్డు దాటుతుంటే షేర్ ఆటోవాడు తిట్టిపోయాడు. ఏమన్నాడో కూడా వినబడలేదు.

తిరిగొచ్చేసరికి గేటు పక్కన మూత లేచి ఉంది. వాసనకు ఎదురింటి వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. అజ్మత్ అంచున కూచుని అగ్గిపుల్ల గీసి లోపలికి చూపాడు. పుల్ల సగం దూరంలోనే ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ ఆరిపోయింది.

"సారన్నా, వద్దు," అన్నాడు గొంతు తగ్గించి. "గాలి లేదు. మధ్య చాంబర్ తెరిస్తే ఈపూటకు పైనుంచే రెండు దిక్కులా రాడ్ కొట్టొచ్చు. ఎవ్వరూ దిగే పనే ఉండదు."

"ఏ మధ్య చాంబర్?" అంది స్వరాజ్యం.

అజ్మత్ నాలుక కరుచుకున్నాడు. సారయ్య తల వంచుకున్నాడు. విజయేందర్ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

"అడిగేది మిమ్ములనే! ఏ చాంబర్? గేటు కాడ ఒకటి, ఎనక బాత్రూమ్ కాడ ఒకటి. ఎనిమిదేండ్ల సంది ఊడుస్తున్న, నాకు తెల్వని మూడోది ఏడుంది?"

సారయ్య లోపలికి చెయ్యి చూపాడు.

"వంటగదిల. గ్రైండర్ కింద."

ఒకప్పుడు అది ఇంటి పక్క పెరడు. హాస్టల్ కట్టేటప్పుడు విజయేందర్ ఆ పెరటికి కప్పు వేసి వంటగది చేశాడు. మధ్యలో చాంబర్ మూత. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు ముందు చూసేది వంటగదినే. అక్కడ మోరీ మూత కనబడితే ఎవరు చేర్పిస్తారు? మూతకు కొక్కెం పెట్టి వదిలేయండి సాబ్, అని అజ్మత్ అప్పుడే మొత్తుకున్నాడు. వినలేదు. రాయి పరిచి, సిమెంటు పోసి, పైన తెల్ల టైల్స్ వేయించాడు. వేసింది కూలికి వచ్చిన సారయ్య. ఆ రోజు కూలి ఆరు వందలు. ఎవరికీ చెప్పొద్దన్న మాటతో పాటు మెట్ల కింది గది తాళం కూడా ఆ రోజే చేతికొచ్చింది.

స్వరాజ్యం వింటూ నిలబడింది. ముందు ముఖం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"అంటే ఎనిమిదేండ్ల సంది నేను మోరీ మీద వండుతున్ననా? వాసనొస్తుంది వాసనొస్తుందని సార్ నన్ను ఎన్ని తిట్లు తిట్టిండు! మంచిగ కడుగుతలేవని జీతంల కోసిండు. ఫినాయిల్ పోసి పోసి నా అరచేతులు చూడు ఎట్లయినయో. నువ్వు పక్కనే నిలబడి విన్నవు గద? నోట్లె మన్ను పోసుకున్నవా?"

"చెప్తే గది పోతదని..." అన్నాడు సారయ్య.

"గది! గా గది కోసం నిన్న మొన్న పీనుగైతుంటివి గదరా!"

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె మొగుణ్ణి 'రా' అనలేదు. అన్నాక ఆమెకే ఏడుపొచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని వంటగదిలోకి గబగబా నడిచింది.

"స్వరాజ్యం, పాత ముచ్చట్లు తర్వాత మాట్లాడుకుందం," విజయేందర్ వెనక నుంచి అన్నాడు. "పిల్లలు ఆగం అయితున్నరు. ఏయ్ సారయ్యా, ఇంకో ఐదు వందలు ఎక్కువ ఇస్త. పది నిమిషాల పని. దిగు."

సారయ్య చాంబర్ అంచున కూచున్నాడు. కాళ్ళు లోపలికి వేలాడేశాడు. అలవాటైన కాళ్ళు, వాటంతటవే మెట్టు వెతుక్కున్నాయి. అరికాలికి తడి తగిలింది. మొన్న పట్టుకు లాగినచోట మాడు ఇంకా నొస్తూనే ఉంది.

లోపల వంటగదిలో ఇనుము గచ్చు మీద ఈడ్చిన చప్పుడు వినబడింది. తలెత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి చూశాడు. పాదాలు మునిగిన నీళ్ళలో నిలబడి స్వరాజ్యం ఒక్కతే గ్రైండర్‌ను జరుపుతోంది. ఇద్దరు మగవాళ్ళు మోసి తెచ్చిన గ్రైండర్ అది. జానెడు జరిగి ఆగింది. మెట్ల మీద నిలబడి చూస్తున్న మంజూష బకెట్ కింద పెట్టి, చెప్పులు విడిచి ఆ నీళ్ళలోకి దిగింది. రెండో వైపు చెయ్యి వేసింది. గ్రైండర్ గోడ దాకా పోయింది.

సారయ్య కాళ్ళు పైకి తీసుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు విజయేందర్.

"దిగ సార్."

"ఏందీ?"

"నేను దిగ. ఇయ్యాలే కాదు, ఇగ ఎన్నడూ దిగ."

ఆ మాట అనేశాక సారయ్యకే భయమేసింది. గోడకు ఆనించిన గడ్డపార అందుకున్నాడు. గేటు నుంచి వంటగది దాకా ఇరవై అడుగులు, దానికే ఆయాసం వచ్చింది. అజ్మత్ దారి ఇచ్చి, రాడ్ల కట్ట భుజాన వేసుకుని వెనకాలే నడిచాడు.

విజయేందర్ ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. కొత్త బూట్లతోనే నీళ్ళలోకి వచ్చాడు.

"సారయ్యా, సోచాయించు. గా టైల్ మీద దెబ్బ పడితే సాయంత్రంలోపల గది ఖాళీ. ఇద్దరూ రోడ్డు మీదుంటరు. ఆమె జీతం సుత ఇయ్య. చూసుకో మరి!"

సారయ్య ఆగాడు. పెళ్ళాం వైపు చూశాడు.

స్వరాజ్యం కొట్టు నుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన సంచి తీసింది. అందులోంచి సీసా, దాని పక్కన ఇంకా కాగితం విప్పని సబ్బు బిళ్ళ, మిగిలిన చిల్లర బయటికి తీసింది. మూడూ విజయేందర్ చేతిలో పెట్టింది.

"ఇగో సార్, మీ సామాను. మా ఆయనకు ఇయ్యాల సబ్బు అక్కర పడదు."

అని పక్కకు జరిగి, నీళ్ళ అడుగున కనబడని టైలును కాలి బొటనవేలితో తడిమి చూపించింది. పక్క టైళ్ళకన్నా అది గోరు మందం ఎత్తుగా ఉంది. ఎనిమిదేళ్ళుగా గ్రైండర్ కింద ఊడ్చేటప్పుడు చీపురు ఎందుకు తట్టుకుంటోందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

మొదటి దెబ్బకు మురికినీళ్ళు ఎగిరి అందరి బట్టల మీదా పడ్డాయి. కింద డొల్లగా మోగింది. విజయేందర్ ఫోన్ తీసి ఎవరికో గట్టిగా అరుస్తూ చెబుతున్నాడు. సారయ్య ఊపిరి తీసుకోవడానికి గడ్డపార మీద ఒక్క నిమిషం వాలాడు. స్వరాజ్యం అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత అతను మళ్ళీ గడ్డపార ఎత్తాడు.