ఫ్లెక్సులో సొన్నమ్మ

పొద్దున్నే సొన్నమ్మ పిండిమర తిరగడం మొదలయ్యేది. ఆనేకల్ టౌను దాటినాక వచ్చే సంపంగిపల్లిలో రాగులైనా గోధుమలైనా ఆమె దగ్గరికే రావాలి. డబ్బాలు వరసగా పెట్టి ఆడవాళ్లు గోడవార కూర్చునేవారు. మర చప్పుడులో వినబడాలంటే గొంతెత్తక తప్పదు. అందుకని ఇంట్లో గుసగుసగా చెప్పుకునే సంగతులు కూడా అక్కడ అరిచి చెప్పుకునేవారు. సొన్నమ్మ కనుబొమ్మల మీద పిండి, చేతిలో జల్లెడ, చెవులు మాత్రం అందరి దగ్గరా.

ఆ వేళకి ఆమె భర్త నరసింహప్ప తెల్లచొక్కా వేసుకుని సర్కిల్లో టీ అంగడి దగ్గర ఉండేవాడు. పంచాయతీ మెంబరుగా పని చేశాడు. ఈసారి అధ్యక్షుడు కావాలని ఆశ. తీరా చూస్తే వాళ్ల వార్డు, అధ్యక్ష పదవి రెండూ ఆడవాళ్లకు రిజర్వయ్యాయి. కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదు. ఆ తరవాత ఒక రోజు మర దగ్గరికి వచ్చాడు.

"నువ్వు నిలబడు," అన్నాడు.

"యాడ?"

"ఎలక్షన్లో. పేరు నీది, పని నాది. సంతకం పెడితే సాలు."

సొన్నమ్మ మర ఆపింది. "మరి మర?"

"దాన్ని నీ దగ్గర్నించి ఎవురు అడిగినారు? ఎప్పటిమాదిరే ఆడించుకో."

ఆనేకల్ బస్‌స్టాండు వెనక స్టాన్లీకి ఫ్లెక్సుల అంగడి ఉంది. నరసింహప్ప అక్కడ కూర్చుని దగ్గరుండి చేయించుకున్నాడు. మధ్యలో చేతులు జోడించి నిలువెత్తున తను. పైన వరసలో పెద్ద నాయకుల తలలు. కింద మూలన బొట్టుబిళ్లంత సొన్నమ్మ.

"సొన్నమ్మక్క ఫోటో కదన్నా, చుట్టూ కొంచెం జాగా వదల్తా," అన్నాడు స్టాన్లీ. "పెరగతాది కదా."

"వదులు. ఎలక్షను లోపల ఎంత పెరగతాదిలే."

సొన్నమ్మ ఫోటోలు పెరుగుతాయని ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. బడిలో తీసిన గ్రూపు ఫోటోలో వెనక వరస చివర నిలబడిన పిల్ల, బడి మానేసే నాటికి హెడ్మాస్టరుని ఫోటోలోంచి బయటికి నెట్టేసింది. పెళ్లి ఫోటోలో నరసింహప్ప భుజం దాకా ఉండేది. ఇప్పుడందులో ఆయనది ఒక చెవి మాత్రం మిగిలింది. అత్త అంజినమ్మ బతికున్నప్పుడు దానికి పెద్ద ఫ్రేములు కట్టించి కట్టించి, ఆఖరుకు విసుగొచ్చి బీరువా వెనక పెట్టేసింది. ఆధార్ కార్డు ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవలసి వచ్చేది. కొందరికి జుట్టు తొందరగా పెరుగుతుంది, ఈమెకు ఫోటోలు. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

కానీ ఫ్లెక్సు మీద అంత తొందరగా పెరుగుతుందని నరసింహప్ప అనుకోలేదు. బొట్టుబిళ్ల అరచెయ్యంత అయింది. అరచెయ్యి చాటంత అయింది. మొదట మాయమైంది పేరెవరికీ తెలియని ఒక జిల్లా నాయకుడు. తరవాత ఆ వరసలో ఒక్కొక్కరే అంచు దాటి పోయారు. నరసింహప్ప కొత్త ఫ్లెక్సులు వేయించాడు. అవీ అంతే. ఓటింగు దగ్గర పడేసరికి ఊళ్లో ఎక్కడ చూసినా సొన్నమ్మ మొహమే. కింద నరసింహప్ప జోడించిన చేతులు మాత్రం మిగిలాయి, ఎవరో ఆమెకు దండం పెడుతున్నట్టు.

దారిన పోయే ఆడవాళ్లు ఆగి ఫ్లెక్సుతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఒకరోజు సహన మర దగ్గరికి వచ్చింది. గార్మెంట్సులో కుట్టుపని చేసే పిల్ల.

"అక్కా, నిన్న బస్‌స్టాపు కాడ నీకి శానా సేపు చెప్పినా. ఇన్నావా?"

"ఫోటోకి చెప్తే నాకెట్ల తెలుస్తాది పాపా? మళ్లీ చెప్పు."

"అంగన్‌వాడీ సంగతక్కా. నేను పని నుంచి వచ్చేదాకా మా చిన్ని ఆడనే కదా ఉండేది. ప్లాట్లేసే లేఅవుటోళ్లు టేపు పెట్టి కొలుస్తాండారు. రోడ్డుకి జాగా కావాలని దాన్ని పడగొడతారంట. గుట్ట అవతల కొత్తది కడతారంట."

"ఎవురు చెప్పినారు?"

సహన తటపటాయించింది. "మీ ఇంటాయనే అక్కా."

ఆ రోజు ఇంట్లో అడిగితే, "అయ్యన్నీ నీకెందుకు? నేను చూసుకుంటా," అన్నాడు నరసింహప్ప. సొన్నమ్మ మళ్లీ అడగలేదు. మర్నాడు మర మూసి అంగన్‌వాడీకి వెళ్లింది. పిల్లలు పక్కపక్కన పడుకుని నిద్రపోతున్నారు. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. గుట్ట అవతలికి నడిచి కూడా వెళ్లింది. ఎండలో, లారీలు తిరిగే దారిలో, తిరిగొచ్చేసరికి ఆమెకే ఆయాసం వచ్చింది.

ఆమె గెలిచింది, అధ్యక్షురాలైంది. మొదటి రోజు పంచాయతీ ఆఫీసులో అధ్యక్షుల కుర్చీలో నరసింహప్ప కూర్చున్నాడు. సొన్నమ్మకు నీళ్ల క్యాను పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అది కూడా ఎవరికీ వింతగా అనిపించలేదు.

అంగన్‌వాడీ జాగా తీర్మానానికొచ్చిన రోజు తాలూకా నుంచి కిరణ్మయి అనే అధికారిణి వచ్చింది. అనంతపురం మనిషి, ఆ ఊరికి రావడం అదే మొదలు. ఆమె లోపలికి రాగానే అందరూ లేచారు. నరసింహప్ప కుర్చీ దగ్గరే నిలబడి, "రండి మేడం," అన్నాడు.

ఆమె ఆయన్ని దాటుకుని నేరుగా నీళ్ల క్యాను దగ్గరికి వెళ్లింది.

"నమస్కారం అధ్యక్షులు గారూ," అంది సొన్నమ్మతో. "బస్‌స్టాపు నుంచి ఇక్కడిదాకా మిమ్మల్నే చూస్తూ వచ్చాను. ఈ జాగా గురించి పంచాయతీ ఏమంటుంది?"

"మేడం, ఏదున్నా నాతో మాట్లాడండి," అన్నాడు నరసింహప్ప.

"మీరు మెంబరా?"

"కాదు. ఆమె..."

"అయితే బయట కూర్చోండి సార్. ఇది మెంబర్ల మీటింగు."

నరసింహప్ప భార్య వైపు చూశాడు. ఒక్క మాట అను, నన్నుండనీమని చెప్పు, అన్నట్టుగా. ఆ చూపుకి సొన్నమ్మకు జాలేసింది. ఇన్నేళ్లూ ఆ చూపు ఏది అడిగితే అది ఇచ్చింది. ఇప్పుడు మాత్రం కళ్ల ముందు ఆ నిద్రపోయే పిల్లలు కదిలారు. లేచి, గ్లాసు నీళ్లు తాగి, నడుచుకుంటూ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. నరసింహప్ప చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

"అంగన్‌వాడీ కదల్దు మేడం," అంది సొన్నమ్మ. ఆమె గొంతు వీధిలోకి వినబడింది. "పోయి చూసొచ్చినా. ఆడ నిద్రపోయే పిల్లోళ్ల అమ్మలందరూ మిషన్ల మీద వొంగి కుడతాంటారు. మనిషి మిషను కాడ, పానం పిల్లోళ్ల కాడ. రోడ్డు కావాలంటే పక్కకి తిప్పుకోమనండి. పిల్లోళ్లని గుట్ట అవతలికి తిప్పేదానికి లేదు."

ఉపాధ్యక్షుడు శ్రీనివాసులు నవ్వాడు. "అక్కా, ఇయ్యి నీకి అర్థం కావు. నరసింహన్నతో ఒక మాట..."

"ఓటు నాకేసినారు శ్రీనివాసులూ. ఆయనకేసుంటే ఆయన్నే అడిగుందువు."

అంగన్‌వాడీ ఉండాలనేవాళ్లు చెయ్యెత్తమన్నప్పుడు, మూల కూర్చునే ఒక మెంబరమ్మ అందరికంటే ముందు ఎత్తింది. ఎన్నికైనప్పటి నుంచి ఆమె ఆ గదిలో చెయ్యెత్తడం అదే మొదలు. తరవాత మిగతా ఆడవాళ్లూ, వాళ్లను చూసి కొందరు మగవాళ్లూ ఎత్తారు. అంగన్‌వాడీ నిలిచింది.

ఇంటికొచ్చాక నరసింహప్ప చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద తింటూ తల ఎత్తకుండానే అడిగాడు.

"అంత గొంతు యాడిదే నీకి?"

"మర కాడ ఇన్నేండ్లు అరిసినా కదా."

లేఅవుటు రోడ్డు అంగన్‌వాడీని చుట్టుకుని పోయింది. బస్‌స్టాపు నుంచి ఊరిదాకా దీపాలు వచ్చాయి. బడిలో ఆడపిల్లలకు తలుపు, గడియ ఉన్న మరుగుదొడ్లు వచ్చాయి. పదవీకాలం అయిపోయింది. ఈసారి ఆ వార్డు జనరల్ అయింది. "ఆడోళ్ల టర్ను అయిపాయ," అన్నారు సర్కిల్లో. సొన్నమ్మ కూడా అంతే అనుకుంది. మర బెల్టు మార్చుకుని, మళ్లీ పూర్తిగా పనిలో పడింది.

శ్రీనివాసులు ఆ వార్డులో నిలబడడానికి సిద్ధమై ఫ్లెక్సు వేయించాడు. పాత అధ్యక్షురాలు కదా అని మర్యాదకు ఆమె ఫోటో కూడా పైవరసలో చివర పెట్టించాడు.

"ఆలోచించుకోన్నా," అన్నాడు స్టాన్లీ.

శ్రీనివాసులు వినలేదు. ఫ్లెక్సు కట్టిన వారానికల్లా నాయకులూ పోయారు, శ్రీనివాసులూ పోయాడు. సొన్నమ్మ మొహం, దాని కింద 'అత్యధిక మెజారిటీతో గెలిపించండి' అన్న అక్షరాలు మిగిలాయి.

ఆడవాళ్లు గుంపుగా మర దగ్గరికి వచ్చారు. "మళ్లీ నిలబడ్తాండావు, మాకు చెప్పనే లేదు," అంది సహన.

"నిలబడతానని నేనెప్పుడు చెప్పినా?"

"బస్‌స్టాపు కాడ ఉండాది కదక్కా."

సొన్నమ్మ వెళ్లి చూసింది. తన ఫోటో ఎక్కడ పెరిగినా చిన్నప్పటి నుంచీ సిగ్గుపడి తల తిప్పుకునేది. ఆ రోజు తిప్పుకోలేదు. తల వెనక్కి వాల్చి, నిండుగా చూసుకుంది.

"జనరల్ సీటు. కష్టం," అన్నాడు వెనకాలే వచ్చిన నరసింహప్ప.

"తెలుసు."

"శ్రీనివాసులు ఊరుకోడు."

"ఊరుకోవద్దను. ఆయప్పా నిలబడనీ, నేనూ నిలబడతా."

నామినేషన్లు తీసుకునే బల్ల దగ్గర గుమస్తా ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది జనరల్ వార్డమ్మా. ఆడవాళ్లది పక్క వార్డు."

"జనరల్ అంటే మొగోళ్లది అని యాడన్నా రాసుండాదా సార్?"

గుమస్తా ముందున్న రూల్సు కాగితం తిరగేశాడు. "లేదమ్మా."

"అట్లయితే తీసుకోండి."

ఆమె వెనక సహన నిలబడి ఉంది. "నాది కొత్త కాలనీ వార్డు సార్," అంది. "అదీ జనరలే."

ఆనేకల్లో ఓట్ల లెక్కింపు మధ్యాహ్నానికి అయిపోయింది. ఇద్దరూ గెలిచారు. అక్కడి వీధిలో తమటె డప్పులు మోగాయి. గార్మెంట్సు నుంచి అరపూట సెలవు పెట్టి వచ్చిన ఆడవాళ్లు రంగులు చల్లుకుంటూ నడిచారు. ఆ గుంపుకు ముందు సొన్నమ్మ, పక్కన సహన, ఆమె చెయ్యి పట్టుకుని చిన్ని. వాళ్ల ముందు నరసింహప్ప తెల్లచొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయేదాకా, "మా ఇంటామె! మా ఇంటామె!" అని అరుస్తూ ఎగురుతున్నాడు.

"సాలప్పా, కాళ్లు నొప్పెడతాయి," అని నవ్వింది సొన్నమ్మ. ఆయన వినలేదు. ఆమె కూడా మళ్లీ ఆపలేదు.