గురునాథంగారి చెయ్యి

పదకొండో చీర భుజాన వేసుకునేసరికి ఉదయం తొమ్మిదిన్నర అయింది. శశిభూషణ్ చీర కొసను ప్యాంటు నడుముకు దోపాడు. ఒక్క చుట్టు తిరిగాడు. ఆరు కుచ్చిళ్లు వేళ్ల మధ్య పేకముక్కల్లా సర్ది, పవిట ఎడమ భుజం మీద వేసుకుని, పరుపు మీద కూర్చున్న నలుగురు ఆడవాళ్ల ముందు ఓరగా నిలబడ్డాడు. మీసం ఉన్న పెళ్లికూతురు. మొదటిసారి చూసినవాళ్లు నవ్వుతారు. రెండో నిమిషానికి నవ్వు మానేసి బోర్డర్ చూస్తారు. అయిదో నిమిషానికి, ఈ రంగు తమకంటే ఈ కుర్రాడికే నప్పిందని లోలోపల కుళ్లుకుంటారు. చీర కట్టుకోవడం రాని ఆడవాళ్లు ఎక్కువైపోతున్న రోజుల్లో, ఇరవై నాలుగేళ్ల మగవాడు రోజుకు వంద చీరలు కట్టి విప్పుతుంటే ఆ మాత్రం కుళ్లు సహజమే.

మంగళగిరి కొండ దిగువన, మెట్ల దారి మొదట్లో ఉంది ఆ చేనేత దుకాణం. శనివారం వస్తే గుంటూరు, ఒంగోలు వైపుల నుంచి కార్లూ టెంపోలూ దిగుతాయి. కొండమీద స్వామికి పానకం పోయించి వచ్చే జనం చేతులకు బెల్లం జిగట ఉంటుంది. ఆ చెయ్యి తగిలిన చీరను మళ్లీ ఎవరూ ముట్టుకోరు. అందుకని శశిభూషణ్ ఉద్యోగంలో మొదటి పని చీరలు చూపించడం కాదు, గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లు పోసి అందరి చేతులూ కడిగించి తువ్వాలు అందించడం. కాళ్లు కడగడం ఒక్కటే తక్కువ.

ఆ దుకాణానికి ఇంకొక పద్ధతి ఉంది. అది బోర్డు మీద రాసి ఉండదు.

యజమాని గురునాథంగారు అరవై ఏళ్ల మెత్తటి మనిషి. దోమను చంపినా చెయ్యి కడుక్కుంటారు. అయితే కొనడానికొచ్చినవాళ్లు ఎప్పుడైనా గొంతు పెంచితే, రంగు వెలిసిందనో, చూపించింది ఒకటి కట్టిచ్చింది ఒకటనో గొడవకు దిగితే, గల్లా పెట్టె ముందు నుంచి లేచి వస్తారు. ఒక్క మాట కూడా అనకుండా శశిభూషణ్ ఎడమ చెంప మీద ఒకటి ఇస్తారు. దుకాణమంతా చప్పున చల్లబడుతుంది. అంతసేపూ అరిచినావిడే "అయ్యో, ఆమాత్రానికి చెయ్యి చేసుకోవాలా అండీ" అంటుంది. తనవల్ల ఒక పిల్లవాడు దెబ్బ తిన్నాడన్న పాపభయంతో ఒక చీర కొనబోయినావిడ రెండు కొంటుంది. వాళ్లు వెళ్లాక గురునాథంగారు తన చేత్తో టీ తెచ్చి ఇస్తారు. "తగల్లేదుగా?" అంటారు. "లేదండీ" అంటాడు శశిభూషణ్. రెండో సేల్స్‌మన్ ఖలీల్‌కి ఈ బాధ లేదు. అతనికి నలభై అయిదు, తల నెరిసింది. తల నెరిసినవాణ్ని కొడితే జనం జాలిపడరనీ, లేచి వెళ్లిపోతారనీ గురునాథంగారి అనుభవం.

శశిభూషణ్ చెంపకు దెబ్బ కొత్త కాదు. ప్రత్తిపాడు అవతల పల్లెలో అయిదో తరగతి మాష్టారి అరచెయ్యి సుద్దపొడి వాసన వేసేది. నాన్న చెయ్యి పత్తిచేలో కొట్టిన పురుగుమందు వాసన. కొట్టాక ఆయనే పక్కకెళ్లి దగ్గేవాడు. ఇంటర్ తప్పి గుంటూరులో మిరప టిక్కీ బస్తాలు మోసిన రెండేళ్లూ మేస్త్రీ చెయ్యి పడితే చెంపకంటే కన్ను ఎక్కువ మండేది. గురునాథంగారి చెయ్యి గంజి వాసన వేస్తుంది. అన్నింటిలోకీ శుభ్రమైన చెయ్యి దొరికిందని మొదట్లో అతను సంతోషించాడు కూడా. మూడేళ్లయింది. ఆర్నెల్ల కిందట ఎడమ చెవిలో ఈల మొదలైంది. ఇప్పుడు ఆ ఈల కూడా లేదు. గుంటూరు డాక్టరు పొర చిరిగిందన్నాడు.

ఆ సంగతి శ్రీదుర్గకు తెలియదు. ఆమె హైవే పక్క ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు పనిచేస్తుంది. ఏడాది కిందట చీర కొనడానికి వచ్చి, కుచ్చిళ్లు ఎలా పెట్టాలో ఇతని దగ్గరే నేర్చుకుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు అతను ఆమెను ఎప్పుడూ తన కుడివైపే ఉంచుకుంటాడు. లారీల నుంచి తనను కాపాడుతున్నాడనుకుని ఆమె మురిసిపోయింది. దుకాణంలో తన మాటకు ఎదురులేదని అతను చెప్పిందీ నమ్మింది. ఇవాళ నాలుగింటికి తల్లిని వెంటబెట్టుకుని తమ నిశ్చితార్థం చీర కొనడానికి వస్తోంది.

అందుకే పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అతను గురునాథంగారి దగ్గర నిలబడ్డాడు.

"ఇవాళ ఒక్కరోజు వద్దు గురువుగారూ."

"ఏదిరా?"

"అదే."

గురునాథంగారు అగరువత్తి వెలిగించి దేవుడి పటం ముందు గుచ్చారు. "అలాగేలేరా. ఆ అమ్మాయి వచ్చి వెళ్లేదాకా నా చెయ్యి నా దగ్గరే ఉంటుంది" అన్నారు.

ఖలీల్ చీరలు మడతపెడుతూ అంతా విన్నాడు. "ఇవాళొక్కరోజేంట్రా, అసలే వద్దనలేకపోయావా" అన్నాడు.

"అసలే వద్దంటే, అసలు రావద్దంటారన్నా."

శనివారం శనివారంలాగే నడిచింది. పదింటికి దుకాణం ముందు ఇద్దరు ఆటోవాళ్లు ఒక కుటుంబాన్ని చెరో రెక్కా పట్టి లాగి, చివరికి కుటుంబాన్ని వదిలేసి ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకడి పెదవి చిట్లింది. ఇంకొకడి అద్దం పగిలింది. కుటుంబం బస్సెక్కి వెళ్లిపోయింది. పదకొండున్నరకి ఇద్దరు తోడికోడళ్లు ఒకే చీర కోసం, అది శశిభూషణ్ ఒంటి మీద ఉండగానే, రెండు వైపులా లాగారు. పవిటకున్న పిన్నీసు అతని అరచేతిలో సగం దిగింది. రక్తం చీరకు అంటకుండా చెయ్యి నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో అదే రంగులో ఇంకో చీర తీసి చూపించాడు. గల్లా దగ్గర గురునాథంగారు అటు చూసి, తన చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు.

ఒకటిన్నరకి వచ్చింది ఆ టెంపో. ఏడుగురు. తెల్లచొక్కా వేసుకున్న భారీ మనిషి, అతని భార్య, ఇద్దరు బావమరుదులు, వాళ్లలో ఒకతని భార్య, తెల్లచొక్కాయన తల్లి రాఘవమ్మ, ఆమె భుజం మీద నిద్రపోతున్న మనవడు. పార్కింగు దగ్గర అప్పటికే ఒకసారి తిట్టుకుని వచ్చారు. మొహాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆరుగురి చేతులూ శశిభూషణ్ కడిగించాడు. నిద్రపోయే పిల్లవాణ్ని లేపడం ఎందుకని వదిలేశాడు.

ఇరవై చీరలు దాటాక తెల్లచొక్కాయన భార్యకు గంధం రంగు చీర నచ్చింది. అంచులో జరీ నేసిన నిజాం బోర్డర్, చేత్తో తీసుకుంటే వెన్నలా జారేది. అతను దాన్ని కట్టి నిలబడి ఉండగా పిల్లవాడు లేచాడు. నాలుగేళ్లవాడు. ఎదురుగా మీసాలున్న ఆడమనిషిని చూసి మెరిసే కళ్లతో వచ్చి పవిట గుప్పెట పట్టుకున్నాడు.

వదిలాక అయిదు వేళ్ల బెల్లం మరక ఉంది.

తెల్లచొక్కాయన ఆ మరక ముందే ఉందన్నాడు. మరకల చీరలు పైవూళ్లవాళ్లకు అంటగట్టడం ఇక్కడ మామూలేనన్నాడు. మామూలు రోజైతే శశిభూషణ్ తప్పు నాదేనండి అని తల వంచేవాడు. తల వంచితే చెంప పైకొస్తుంది. గురునాథంగారికి వీలుగా ఉంటుంది. ఇవాళ అది జరగకూడదు కాబట్టి అతను నిజం చెప్పాడు.

"ముందు లేదండీ. బాబు చెయ్యే ఇది. చూడండి."

పిల్లవాడి చెయ్యి మెల్లగా పట్టుకుని మరక మీద పెట్టాడు. వేలికి వేలు సరిపోయింది. పిల్లవాడు కిలకిలా నవ్వాడు. చీరలు చూస్తున్న పక్క కుటుంబంలో ఎవరో కూడా నవ్వారు. వచ్చిన చిక్కంతా ఆ నవ్వుతోనే.

"నా కొడుకు వేలిముద్రలు తీస్తావంట్రా" అంటూ తెల్లచొక్కాయన లేచి కాలర్ పట్టుకున్నాడు. బావమరుదులిద్దరూ లేచారు. గురునాథంగారు పరుగున వచ్చి చేతులు జోడించారు, చీర ఊరికే ఇస్తానన్నారు. ఊరికే ఇస్తాననడంతో మేమేం అడుక్కునేవాళ్లమా అని గొడవ ఇంకా పెద్దదైంది. ఆయన గోడ గడియారం చూశారు. రెండు. నాలుగింటికింకా బోలెడు టైముంది. ఒక్కటి పడితే అందరూ కూర్చుంటారు, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ మందు పనిచెయ్యకుండా పోలేదు. కుర్రాణ్ని కాపాడటానికి ఆయనకు అదొక్కటే తెలుసు.

కొట్టారు.

ఎప్పటిలాగే దుకాణం చల్లబడింది. అయ్యో అనే మాట కోసం గురునాథంగారు చూశారు.

"చూశారా" అన్నాడు తెల్లచొక్కాయన. "వాళ్ల ఓనరే కొట్టాడు. తప్పు వీడిదే."

మొదటి గుద్దు పక్కటెముకల మీద పడింది. పెద్ద బావమరిది పవిట కొస దొరకబుచ్చుకుని ముందుకు లాగాడు. ఆరున్నర గజాల చీర ఒంటికి చుట్టుకుని ఉన్నవాడు చేతులు ఎత్తలేడు, కాళ్లు సాగవు. చిన్నవాడు మోకాలితో కడుపులో పొడిచాడు. ఖలీల్ మధ్యలో దూరితే మోచెయ్యి తగిలి ముందు పన్ను ఊడి పరుపు మీద పడింది. గురునాథంగారు ఒకరి చొక్కా వదిలి ఒకరి చొక్కా పట్టుకుంటూ "ఒక్కటి చాలండీ, బాబూ, ఒక్కటి చాలు" అని బతిమాలుతున్నారు. తెల్లచొక్కాయన రెండు చేతులతో తోశాడు. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డంపడి శశిభూషణ్ వెనక్కి పడ్డాడు. తల వెనకభాగం గ్రానైట్ గడపకు తగిలిన చప్పుడు పెద్దగా ఏమీ లేదు. కొబ్బరికాయ పగలనప్పుడు వచ్చే చప్పుడు.

ఆపింది రాఘవమ్మ. చేతిసంచిలోంచి లీటరు సీసా తీసి కొడుకు వీపు మీద బాదింది. "ఇందుకా నాయనా నిన్ను కొండెక్కించింది" అంటూ నాలుగు బాదింది. ప్లాస్టిక్ సీసా సొట్టపోయింది గాని పగల్లేదు. అందులో ఉన్నది పానకం. స్వామి సగం పుచ్చుకుని సగం మనకు వదులుతాడని నమ్మకం, ఆ వదిలిన సగం. ఆమె కిందికి వంగి ఆ సీసా శశిభూషణ్ చేతిలో పెట్టింది. "ప్రసాదం నాయనా, తాగు. వీడి పాపం నీకు తగలకుండా పోవాల" అంది. వెళ్తూ వెళ్తూ వాళ్లు మూడు చీరలు కొన్నారు, మరకదానితో సహా. దుకాణం పద్ధతి ఎక్కడా తప్పలేదు.

శశిభూషణ్ లేచి మొహం కడుక్కున్నాడు. ఖలీల్ రక్తం ఉమ్మి వచ్చేసరికి అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"మొహం మీద ఏమన్నా తెలుస్తోందా అన్నా?"

"మొహం మీదేం లేదు. వెనక వాచింది. పద, ఆస్పత్రికి."

"నాలుగింటి తర్వాత పోదాం."

అతని గొంతులో సంతోషం విని ఖలీల్ వెళ్లి ఊడిన పన్నును పరుపు మీంచి ఏరుకున్నాడు. గురునాథంగారు టీ తేలేదు. గల్లా వెనక తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చున్నారు. శశిభూషణే వెళ్లి "పర్లేదండీ గురువుగారూ, వాళ్లు రాకముందే అయిపోయింది కదా" అన్నాడు.

తర్వాత ఒంగోలు నుంచి వచ్చిన ఒక తల్లీకూతుళ్లకు ఆరు చీరలు చూపించాడు. ఏడోదాని కుచ్చిళ్లు వేళ్లలోంచి జారిపోయాయి. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారాయి. మాట తడబడుతూ, ఆకుపచ్చను నీలం అన్నాడు. వెనక్కెళ్లి కక్కుకుని వచ్చి, లోపలి సరుకు గదిలో కాసేపు ఒరుగుతానన్నాడు.

"మూడున్నరకి లేపన్నా. తల దువ్వుకోవాలి."

మూడున్నరకి ఖలీల్ వెళ్లి చూశాడు. అతను చీరల మూటలకు ఆనుకుని, నోరు తెరిచి, ఎన్నడూ లేనంత గట్టిగా గురక పెడుతున్నాడు. కుర్రాడు బాగా అలిసిపోయాడు, ఆ అమ్మాయి వచ్చాకే లేపుదామని ఖలీల్ ఫ్యాను తిప్పి వచ్చాడు.

నాలుగింటికి అయిదు నిమిషాల ముందే శ్రీదుర్గ, వాళ్లమ్మ పిచ్చమ్మ వచ్చారు. గురునాథంగారు స్వయంగా నీళ్లు పోసి వాళ్ల చేతులు కడిగించారు. పరుపు మీద కూర్చోబెట్టి, పదేళ్ల తర్వాత మొదటిసారి తానే చీర తీసి భుజాన వేసుకున్నారు.

పిచ్చమ్మ దుకాణమంతా కలయజూసింది. "పెత్తనమంతా అబ్బాయిదేనన్నావు, ఏడే?" అంది కూతురితో.

"అతనిదేనమ్మా" అన్నారు గురునాథంగారు. "ఇక్కడ మేమంతా అతను చెప్పినట్టే వింటాం. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడని నేనే పడుకోమన్నాను."

"నిశ్చితార్థం చీర కొనేవేళకు పడకేశాడా. బాగానే ఉంది వైభోగం" అని పిచ్చమ్మ నవ్వింది. మాట వరసకే అన్నా, అల్లుడికి దుకాణంలో అంత చెల్లుబడి ఉన్నందుకు ఆమెకు తృప్తిగానే ఉంది.

శ్రీదుర్గ నెమలికంఠం రంగు చీర ఎంచుకుంది. అతనికి చూపించి వస్తానని దాన్ని చేతుల మీద వేసుకుని సరుకు గదిలోకి వెళ్లింది. గురక వినబడటం లేదు. గదిలో కొత్త నూలు వాసన, ఫ్యాను చప్పుడు. ఆమె అలవాటుగా అతని కుడివైపు కూర్చుంది. మెల్లగా పిలిచింది. చీర విప్పి అతని భుజం మీద పరిచి, నప్పిందో లేదో చూసి, మళ్లీ పిలిచింది. చెయ్యి పట్టుకుంది. అది చల్లబడి ఉంది.

"రంగు నచ్చిందా అబ్బాయికి?" అని బయటినుంచి పిచ్చమ్మ అడిగింది.

లోపలినుంచి ఫ్యాను చప్పుడొక్కటే వచ్చింది. ఖలీల్ ముందు లేచాడు. గురునాథంగారు ఒంటిమీది చీరతోనే లేచి, గుమ్మం దాకా వచ్చి అక్కడే గోడ పట్టుకున్నారు.

మూటల పక్కన, నేల మీద, రాఘవమ్మ ఇచ్చిన సీసా ఉంది. సొట్టలు పడి కాస్త పక్కకు ఒరిగి నిలబడింది. మూత సగమే బిగించి ఉంది. లోపల పానకం మెడ దాకా ఉంది. ఒక్క గుక్క మాత్రం తక్కువ.