టిష్యూ పెట్టిన చోటు

శనివారం పొద్దున రాధ పెసరట్లు వేస్తుంటే కొరియర్ అతను తలుపు కొట్టాడు. మహతి పార్సిల్ చింపి, అలాగే సోఫాలో కూలబడింది.

"మళ్ళీ పాత ఎడిషనేనా?" అంది రాధ వంటింట్లోంచి.

"మళ్ళీ అదే అమ్మా! ఐదోది కావాలి మొర్రో అంటే నాలుగోది పంపుతాడు. వాడికి పిచ్చి, క్రేజీ లా!"

పాపం, ఆ పిల్ల కష్టం పగవాళ్ళకి కూడా వద్దు. నర్సింగ్ రెండో ఏడు. ఫార్మకాలజీ ఇప్పటికే ఓసారి తప్పింది. సోమవారం మళ్ళీ తప్పితే కోర్సులోంచి పంపేస్తారు. మేడమ్ ప్రశ్నలన్నీ కొత్త ఎడిషన్లోంచే ఇస్తుంది. అది షాపుల్లో లేదు. కాలేజీ లైబ్రరీలో ఉన్నది ఒకే ఒక్క కాపీ. రెండు గంటలకి మించి ఇవ్వరు, గేటు దాటనివ్వరు. ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

"అమ్ములు ఆంటీని అడుగు పో," అంది రాధ.

కింది అంతస్తు అమ్ములు ఆంటీ మలేషియాలో పుట్టి, ఇక్కడ యీషున్ పేటలో స్థిరపడిన మనిషి. తిండికొట్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేయడం, అంటే చోటు పట్టుకోవడం, అందరూ చేసేదే. కానీ ఆంటీ ప్యాకెట్ పెట్టిన కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చోబోతే నడుం వంగదు. బట్టల కర్ర మీద పెడితే చీకటిపడేదాకా ఎండ అక్కణ్ణుంచి కదలదు. బ్లాకులో ఎవరికి అవసరమైతే వాళ్ళు వెళ్ళి ఓ ప్యాకెట్ తెచ్చుకుంటారు.

"మకాన్ అయిందా, తిన్నావా పిల్లా?" అంటూ ఆంటీ ప్యాకెట్ ఇచ్చింది. "చూసి పెట్టు. పెట్టిన చోట పెట్టినవాళ్ళే కూర్చోవాల."

మహతి సగం విని రైలెక్కేసింది. లైబ్రరీలో పుస్తకం లేదు. రెండు లావుపాటి పుస్తకాల మధ్య దాని చోటు ఖాళీగా ఉంది. ఖాళీ టేబుల్ కనిపిస్తే టిష్యూ పెట్టడం చిన్నప్పట్నుంచీ అలవాటాయె. ఆ ఖాళీలో ప్యాకెట్ పెట్టేసి, పుస్తకం వస్తే తనదే అనుకుంది వెర్రిపిల్ల!

సోమవారం పొద్దున వెళ్ళేసరికి లైబ్రేరియన్ పునీత ఆ పుస్తకాన్ని ప్యాకెట్ పెట్టిన సందులో దోపుతోంది. అది జారి జారి కిందపడుతోంది. మహతి ఆత్రంగా తీసి తెరిచింది. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి!

"అయ్యో, ఇదేంటక్కా?" అనబోతే నోట్లోంచి మొదటి చాప్టర్ వచ్చింది, పేజీ నంబరుతో సహా. రెండోదీ వచ్చింది. ఓరి దేవుడో! మొత్తం వచ్చేసింది!

"పుస్తకం చోటు నువ్వు పట్టావుగా," అంటూ పునీత ఆమె మణికట్టుకి బార్‌కోడ్ అంటించింది. క్లాస్‌మేట్ కౌశిక్ ముందే బుక్ చేసుకున్నాడట, ఆ బార్‌కోడ్‌ని మెషీన్ కింద కీచుమనిపించి మహతిని తన టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడడిగినదల్లా మహతి అప్పజెప్పింది. ఎలాగైనా పాసవుతానని లోపల ఒకటే గంతులు.

మధ్యాహ్నం పరీక్షకి అందరితోపాటు బయల్దేరింది. కౌశిక్ లైబ్రరీ గేటు దాటాడు. మహతి అడుగుపెట్టగానే గేటు చెవులు పగిలేలా మోగింది.

"రిజర్వ్ కాపీ బయటికి పోకూడదు కదమ్మా," అంది పునీత.

"అక్కా, పరీక్ష! అంతా వచ్చు నాకు! వదలండక్కా!" మహతి ఏడుపు లంకించుకుంది.

పునీతకి జాలేసింది. టిష్యూ ప్యాకెట్ తెచ్చి, ఒకటి లాగి చేతిలో పెట్టింది.

"ఊరుకో. వచ్చే ఏడు ఆరో ఎడిషన్ వస్తుంది. అప్పుడు నిన్నెవరూ అడగరు, ఇంటికి పోవచ్చు."